శాంపిల్ పన్ను

కౌల్ బజార్ వెనక వీధుల్లో జీన్స్ ప్యాంట్లు ఉతికే యూనిట్లు అరవై ఒకటి. వాటిలో నెట్టికంటప్పది చిట్టచివరి వీధిలో చిట్టచివరిది. నీళ్ళ ట్యాంకర్లు ముందు వీధిలో మొదలుపెట్టి, ఒక్కో గేటు దగ్గరా దించుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ, చాయ్ తాగుతూ ఆయన గేటు ముందుకు వచ్చేసరికి మధ్యాహ్నం రెండయ్యేది. అడుగున ఏం మిగిలితే అదే ఆయనకు. ట్యాంకర్ ఏ వీధిలో మొదలవ్వాలో చెప్పేవాడు యూనిట్ల సంఘం కార్యదర్శి. ఆ కార్యదర్శి గురురాజ్. గురురాజ్ యూనిట్ ముందు వీధిలో మొదటిది. ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవలసినంత రహస్యమేమీ లేదు.

అందుకే మూడేళ్ళ కిందట నెట్టికంటప్ప కార్యదర్శి పదవికి నిలబడ్డాడు. ఐదు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. నీళ్ళ సంగతి గట్టిగానే మాట్లాడాడు, మాట తూలలేదు, ఎవరినీ నొప్పించలేదు. ఆయన్ని ఓడించింది ఆయన ఫ్లెక్సీ.

ఫ్లెక్సీ లేని ఎన్నిక బళ్ళారిలో ఎన్నికే కాదు. గురురాజ్ తన ఫ్లెక్సీలో, నోట్లో ఉన్న పళ్ళన్నీ కనబడేలా నవ్వుతుంటే, పక్క స్తంభం మీద నెట్టికంటప్ప తెల్ల చొక్కా వేసుకుని, పెదాలు బిగించి, చూపు కిందికి దించి నిలబడ్డాడు. బోసిగా ఉంటే బాగుండదని ఫ్లెక్సీ వేసినవాడు చుట్టూ పూలదండ బొమ్మ కూడా తగిలించాడు. మర్నాడు పొద్దున్నే పూలమ్మే హనుమక్క ఆయన ఇంటి తలుపు కొట్టింది. తలుపు తెరుచుకోకముందే, "ఎప్పుడు పోయినాడమ్మా, బంగారట్ల మనిషి" అని శోకం మొదలుపెట్టింది. తలుపు తీసింది నెట్టికంటప్పే. హనుమక్క తెచ్చిన పూలు గడప మీదే వదిలేసి వెనక్కి చూడకుండా పోయింది. ఆ పూలు వృథా ఎందుకని ఆయన భార్య సౌభాగ్య తలలో పెట్టుకుంది.

ఆయన నవ్వడం చేతకానివాడేమీ కాదు. మోక ఊరికి అవతల ఆయన పుట్టిన పల్లెలో బోరు నీళ్ళు తాగి పెరిగిన వాళ్ళందరికీ ఉన్నట్టే ఆయన పళ్ళకీ చాయ్ రంగు చారలున్నాయి. పన్నెండో ఏట బడిలో గ్రూపు ఫోటో తీసేటప్పుడు ఫోటోగ్రాఫరు, "లాస్ట్ లైన్లో రెండోవాడా, నోరు మూయప్పా" అన్నాడు. మూశాడు. ఆ మూసిన నోరు యాభై నాలుగేళ్ళు వచ్చేదాకా తెరవలేదు. ఎంత నవ్వొచ్చినా మీసం కాస్త పైకి లేచేది, భుజాలు కదిలేవి, అంతే. పెళ్ళి ఆల్బం చూసినవాళ్ళు పెళ్ళికొడుకును కట్టేసి తెచ్చారేమో అనుకుంటారు.

గురురాజ్‌దీ అదే పల్లె, అదే బోరు, మూడిళ్ళ అవతల ఇల్లు. పదేళ్ళప్పుడు మేనమామ వెంట హుబ్బళ్ళి పోయి, నడివయసులో ఈ బజారుకు వచ్చి యూనిట్ పెట్టాడు. చిన్నప్పుడు అతని పళ్ళు ఎలా ఉండేవో నెట్టికంటప్పకు గుర్తు లేదు. అందరివీ ఒకటే రంగు కనక ఆ ఊళ్ళో ఎవరూ ఎవరి పళ్ళనీ పట్టి చూసేవారు కాదు. ఇప్పుడు మాత్రం అతను నోరు తెరిస్తే తళతళ. ఎలా అని ఎవరడిగినా "వేప పుల్లప్పా, వేప పుల్ల" అనేవాడు. ఆ మాట నమ్మి నెట్టికంటప్ప తన యూనిట్ వెనక ఉన్న వేపచెట్టును రెండేళ్ళపాటు విరిచాడు. చెట్టు బోడిదైంది గాని చారలు అలాగే ఉన్నాయి.

ఇప్పుడు మళ్ళీ ఎన్నిక వచ్చింది. ఆదివారం ఓట్లు.

"ఈసారి నవ్వే ఫోటో ఎయ్యల్ల సౌభాగ్యా. పండ్లు బాగు చేపిచ్చుకుంటా" అన్నాడు బుధవారం పొద్దున.

"ఓట్ల కోసమా?"

"నీల్ల కోసం."

"నీల్లతో పండ్లు తోముకునేది చూసినా గాని, నీల్ల కోసం పండ్లు మార్చుకునేది ఇప్పుడే చూస్తాండా" అంది సౌభాగ్య. అన్నది గాని, ఇస్త్రీ చొక్కా తీసి ఇచ్చింది.

బజారు మలుపులో కొత్తగా పళ్ళ క్లినిక్ పెట్టిన డాక్టర్ పేరు రోహిణి. ఆవిడ నెట్టికంటప్పను కుర్చీలో పడుకోబెట్టి, నోట్లో లైటు వేసి చూసి, చిగుళ్ళు గట్టివేనని చెప్పి, "మూడు దారులుండాయి అంకుల్. మొదటిది బ్లీచింగ్" అంది.

పడుకున్నవాడు లేచి కూర్చున్నాడు. "ఏ బ్లీచమ్మా? ఎన్ని నిమిషాలు పెడ్తావ్? మందు ఎంత కలుపుతావ్?"

"మీకు బ్లీచింగ్ గురించి తెలుసా?"

"ముప్పై ఏండ్లుగా చేస్తాండా."

"పండ్లకా?"

"ప్యాంట్లకు."

డాక్టర్ రోహిణి నవ్వు ఆపుకుని సంగతి చెప్పింది. బ్లీచింగ్ చేస్తే గోధుమరంగు కాస్త పల్చబడుతుంది గాని చారలు పూర్తిగా పోతాయని మాట ఇవ్వలేదు, తెల్ల మచ్చలు ఇంకా పైకి తేలవచ్చు. "ప్యాచ్ పడ్తాది" అని నెట్టికంటప్ప తల ఊపాడు. రెండోది పంటి రంగులో ఉండే పూత. ఒక పూటలో అయిపోతుంది, పంటిని పెద్దగా ముట్టుకోనక్కర్లేదు, కానీ కొన్నేళ్ళకు రంగు పట్టొచ్చు, అంచులు చిట్లొచ్చు. మూడోది సిరామిక్ పెంకులు. పంటి ముందు భాగం పల్చగా అరగదీసి పెంకు అతికిస్తారు. చూడ్డానికి అన్నిటికంటే బాగుంటుంది, ఎక్కువ కాలం వస్తుంది. "కానీ ఒకసారి అరగదీసినాక పాత పన్ను వాపస్ రాదంకుల్. బాగా ఆలోచన చేసుకుని చెప్పండి" అంది.

తర్వాత రకరకాల తెలుపుల్లో చిన్న చిన్న పళ్ళు గుచ్చిన షేడ్ పట్టీ ఒకటి చేతికిచ్చింది. నెట్టికంటప్ప దాన్ని తీసుకుని సరాసరి కిటికీ దగ్గరికి పోయాడు. ట్యూబ్‌లైటు కింద షేడ్ చూసేవాడు ఆయన దృష్టిలో వాషింగ్ మాస్టరే కాదు. ఎండలో అటూ ఇటూ తిప్పి, అన్నిటికన్నా తెల్లగా ఉన్నదాని మీద వేలు పెట్టాడు.

"అది వద్దంకుల్. అంత తెలుపు పుట్టుకతో ఎవరికీ ఉండదు."

"సరే, శాంపిల్ తీసి చూస్తాం. ఒక్క పంటికి చెయ్యమ్మా."

జీన్స్ ఉతికే చోట ఒక కట్టడి ఉంది. వెయ్యి ప్యాంట్ల లాట్ వచ్చినా ముందు ఒక్క ప్యాంటే ఉతుకుతారు. దాన్ని ఎండలో పరిచి, లాట్ కొనే బయర్‌కు చూపించి, దానికి దారంతో కట్టిన అట్టముక్క మీద అతని సంతకం తీసుకుంటారు. సంతకం పడనిదే లాట్ డ్రమ్ములోకి దిగదు. తొందరపడి ఈ కట్టడి దాటినవాడి ఎనిమిది వందల ప్యాంట్లు పచ్చగా తేలిన కథ బజారులో ఇప్పటికీ చెప్పుకుంటారు. నెట్టికంటప్ప ముప్పై ఏళ్ళలో ఒక్కసారీ దాటలేదు. పరాయివాళ్ళ ప్యాంట్లకే దాటనివాడు సొంత పళ్ళకు దాటుతాడా?

"ఒక్క పంటికి ఎవరూ చెయ్యరంకుల్. ముందర ఆరు పండ్లకూ తాత్కాలికంగా పూత పెట్టి అద్దంలో చూపిస్తా."

"ఆరు ప్యాంట్లు ఎవరన్నా శాంపిల్ తీస్తారామ్మా?"

అరగంట వాదించి డాక్టర్ ఓడిపోయింది. పై వరసలో నడిమి పంటి మీద, ఆయన కోరిన మెరుపు తెలుపులో, ఊడదీయడానికి వీలుగా పూత పెట్టింది. "మూడు నాలుగు దినాలుంటాది. గట్టివి కొరకద్దు. మీ వాల్లకు చూపిచ్చి అడగండి" అని పంపింది. ఇంట్లోవాళ్ళని ఆవిడ ఉద్దేశం. సంఘంలోని అరవైమందీ తన వాళ్ళు కాక మరెవరని నెట్టికంటప్ప ఉద్దేశం.

ఇంటికొచ్చి నోరు తెరిచాడు. సౌభాగ్య చేతిలోని చాట కింద పెట్టి, గోడ పట్టుకుని, నవ్వి నవ్వి ఊపిరి అందక కూర్చుండిపోయింది.

"ఏమే, ఎట్లుండాది?"

"చీకటింట్లో ఒక్క కిటికీ తెరిచినట్ల ఉండాది."

ఆయన జేబులోంచి అట్టముక్క తీశాడు. పైన 'శాంపిల్ - ఒక పన్ను' అని రాసి ఉంది. సంతకం పెట్టమని పెన్ను ఇచ్చాడు. సౌభాగ్య కళ్ళు తుడుచుకుని పెన్ను వెనక్కి ఇచ్చేసింది. "బయర్ ఆఖర్న గదా పెట్టేది? పో, ఊర్లోవాల్లందరిదీ తెచ్చుకోపో" అంది.

ఆయన నిజంగానే పోయాడు. నవ్వులాటకు అన్న మాటను పనిగా తీసుకోవడం ఆయనకు మొదటినుంచీ ఉన్న జబ్బు.

ఇక్కడే చిక్కంతా వచ్చింది. శాంపిల్ చూపించాలంటే నోరు తెరవాలి. ఒక్క పన్ను చూపిస్తే పక్కవి ఊరుకోవు, అవీ కనబడతాయి. తన పక్క యూనిట్ ముందు నిలబడి ఆయన పది నిమిషాలు మీసం సర్దుకున్నాడు. నాలుగు పదుల ఏళ్ళుగా మూసిన తలుపు, కీలు అంత సులభంగా కదలదు. చివరికి కళ్ళు మూసుకుని నోరు తెరిచాడు. లోపలున్న దుర్గప్ప దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని మొహం పైకెత్తి చూశాడు. నవ్వలేదు.

"తెలుపు జాస్తి ఆయెనప్పా. ఒక టోన్ దించల్ల" అన్నాడు. అట్టముక్క తీసుకుని సంతకం పెట్టి, కింద 'టోన్ తగ్గించాలి' అని కూడా రాశాడు.

సంఘంలో ప్రతివాడూ ముప్పై నలభై ఏళ్ళు షేడ్లు చూసి పండినవాడే. మనిషి నోట్లో ఏముందో వాళ్ళకు అక్కర్లేదు, షేడ్ తేడాగా కనబడితే మాత్రం చెప్పకుండా ఉండలేరు. ఇంకో యూనిట్‌లో మౌనేష్ ఫోన్ లైటు వేయబోతే నెట్టికంటప్ప అతని చెయ్యి తోసేసి, "ఎండలోకి రాప్పా" అని వీధిలోకి లాక్కుపోయాడు. అక్కడ మౌనేష్ కొంచెం పసుపు కలపమన్నాడు. ఇంకొకడు చిగురు దగ్గర కాస్త డల్ కొట్టమన్నాడు. మరొకడు పక్క పన్నుతో పోల్చి చూసి, అసలు పక్కదాని రంగే బాగుందని, అలాంటి పాత లుక్కు కోసం బయర్లు ఎగబడతారని అన్నాడు. ట్యాంకర్ గొడవలో మూడేళ్ళుగా మాట్లాడనివాళ్ళు కూడా ఆయన గడ్డం కింద తలలు పెట్టి వాదించుకున్నారు. పూలమ్మే హనుమక్క దూరం నుంచే చూసి, "బతికే ఉండాడు" అని పక్కవాళ్ళకు చెప్పింది.

శుక్రవారం సాయంత్రానికి అట్టముక్క చాలక రెండోది అతికించాడు. యాభై తొమ్మిది సంతకాలు. ఓటు మాట ఒక్కరి దగ్గరా ఎత్తలేదు, గుర్తుకే రాలేదు. ఫ్లెక్సీకి ఫోటో ఇవ్వడం కూడా మరిచిపోయాడు. స్తంభాల మీద గురురాజ్ ఒక్కడే నవ్వుతూ మిగిలాడు.

అరవయ్యో సంతకం ఆ గురురాజ్‌దే.

శనివారం పదకొండు గంటలకు ముందు వీధి చాయ్ అంగడి దగ్గర గురురాజ్ నిలబడి ఉన్నాడు. నెట్టికంటప్ప నేరుగా పోయి నోరు తెరిచాడు. గురురాజ్ తల వెనక్కి వాల్చి, ఎండ నోట్లో పడేలా పగలబడి నవ్వాడు. నెట్టికంటప్పకు ఒళ్ళు మండింది. కానీ మండుతున్నప్పుడు కూడా ఆయన కన్ను తన పని తాను చేసింది.

నిజంగా తొడిగి అరిగిన ప్యాంటు అంతా ఒకే రంగులో ఉండదు. మోకాలి దగ్గర వెలుస్తుంది, కుట్ల దగ్గర ముదురుగా నిలుస్తుంది. పన్ను కూడా అంతేనని మూడు రోజులుగా యాభై తొమ్మిదిమంది ఆయన నోట్లో వేలు చూపించి మరీ చెప్పారు. చిగురు దగ్గర ఒకటి, అంచు దగ్గర ఒకటి. గురురాజ్ పళ్ళు మాత్రం పైనుంచి కిందికి, ఈ చివర నుంచి ఆ చివరకు ఒకటే టోన్.

నెట్టికంటప్ప అతని చెవి దగ్గరికి వంగాడు. "ఇది వాష్ గాదప్పా, డై. ఎవరప్పా నీ డాక్టరు?"

నవ్వు సగంలో ఆగిపోయింది. గురురాజ్ ఆయన చెయ్యి పట్టుకుని అంగడి వెనక్కి లాక్కుపోయాడు.

"ఎవురికీ చెప్పద్దప్పా, నీ కాల్లు పట్టుకుంటా. నావీ అవే చారలు. హుబ్బల్లిలో అందరూ ఎక్కిరిచ్చేవాల్లు. ఎనిమిదేండ్ల కింద బెంగలూరులో ముందర పండ్లన్నీ అరగదీసి పెంకులు ఏపిచ్చినా."

"మరి వేప పుల్ల?"

"సుమ్నే అంటి."

ఊరికే అన్నాడట. నెట్టికంటప్పకు తన బోడి వేపచెట్టు కళ్ళ ముందు మెదిలింది. "ఆ చెట్టు ఉసురు నీకు తగుల్తాది సూడు" అన్నాడు.

"తగిలిందప్పా, ఎప్పుడో తగిలింది. జొన్నరొట్టె కొరికితే ఒక పెంకు ఊడి చేతికొచ్చె. అతికిచ్చినారు గాని, నాకు బయం పోలే. అప్పట్నుంచి రొట్టె మజ్జిగలో నానేసుకుని తింటాండా. జామకాయ సూస్తే ఏడుపొస్తాది. నువ్వన్నా నిదానంగా సూసుకోప్పా. అరగదీసింది మల్ల రాదు."

ఎన్నిక ఆయన అరచేతిలోకి వచ్చి కూర్చుంది. వీధిలోకి పోయి ఒక్క కేక వేస్తే చాలు, ఆ ఫ్లెక్సీలన్నీ గురురాజే దించుకుంటాడు. వేయాలని నెట్టికంటప్పకు గొంతు దాకా వచ్చింది, రాలేదంటే అబద్ధం. కానీ ఎదురుగా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిన మనిషిని చూస్తే, గ్రూపు ఫోటోలో లాస్ట్ లైన్లో రెండోవాడు గుర్తొచ్చాడు. కోపం పోయి బాధేసింది. జేబులోంచి అట్టముక్క తీశాడు.

"సంతకం పెట్టప్పా" అన్నాడు. గురురాజ్ ఏ షరతూ రాయకుండా పెట్టాడు.

ఆదివారం సంఘం హాల్లో సభ. సౌభాగ్య, మరి నలుగురు ఆడవాళ్ళు కలిసి బొరుగులతో మండక్కి కలిపారు, మిర్చి బజ్జీలు వేశారు. ముందు గురురాజ్ మాట్లాడాడు. ముందు వరసలో నెట్టికంటప్ప రెప్ప వేయకుండా చూస్తుంటే అతనికి నోరు తెరుచుకోలేదు. పెదాలు అంటీ అంటకుండా ఏదో గొణిగి కూర్చున్నాడు. మనిషికి జ్వరమేమో అని వెనకాల అనుకున్నారు.

అతను గొణుగుతున్నంత సేపూ నెట్టికంటప్ప కంగారులో బజ్జీ నములుతున్నాడు. తన పేరు పిలవగానే లేచి నిలబడ్డాడు.

"మాటలు తర్వాత, ముందు శాంపిల్ చూపిచ్చప్పా!" అని అరిచాడు దుర్గప్ప.

నోరు తెరిచాడు. తెల్ల పన్ను లేదు. దాని చోట పాత పన్ను, చారలతో సహా.

"యాడబోయెనప్పా?"

నాలుకతో తడుముకుని చూసుకుంటే తెలిసింది. నెట్టికంటప్ప తన పళ్ళెంలో కొరికి వదిలేసిన బజ్జీ ఎత్తి, వేలితో విప్పి, శనగపిండిలోంచి తెల్లటి పెచ్చు పైకి తీశాడు. "ఈడుండాది" అన్నాడు.

హాలు నవ్వులతో పగిలిపోయింది. అందరికంటే ముందు ఆయనే నవ్వాడు. మీసంతోనూ కాదు, భుజాలతోనూ కాదు. నోరంతా తెరిచి, ఆ చారలన్నీ బయటపెట్టి, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వాడు. వాకిట్లో గరిటె పట్టుకుని నిలబడిన సౌభాగ్య మాత్రం నవ్వలేదు. చూస్తూ ఉండిపోయింది.

నవ్వు తగ్గాక నెట్టికంటప్ప మొహం తుడుచుకుని రెండు ముక్కలు చెప్పాడు. "నీల్లు మనిషిని ఏం జేస్తాయో నా నోట్లో రాసుండాది, మీరందరూ చదివినారు. అందుకే నీల్లంటే నాకు ఆట గాదు. నేను గెలిస్తే ట్యాంకర్ ఒకదినం ముందు వీధి నుంచి, ఒకదినం చివరి వీధి నుంచి. అంతే" అని కూర్చున్నాడు.

ముప్పై ఎనిమిది ఓట్లు ఆయనవి, ఇరవై మూడు గురురాజ్‌వి. ఫలితం చెప్పగానే గురురాజ్ వచ్చి చెయ్యి కలిపాడు. నెట్టికంటప్ప అతని చేతిలో ఒక మిర్చి బజ్జీ పెట్టి, "కొరకప్పా" అన్నాడు, మొహంలో ఏమీ లేనట్టు. గురురాజ్ ఆయన వైపు ఒక చూపు చూసి, బజ్జీని చేత్తో చిన్న ముక్కలుగా తుంచి, పక్క పళ్ళ కింద వేసుకున్నాడు. ఎందుకలా తింటున్నాడో హాల్లో ఇంకెవరికీ తెలియదు.

సోమవారం పొద్దున ఆరింటికే ట్యాంకర్ వచ్చి నెట్టికంటప్ప గేటు ముందు ఆగింది. తొట్టి పైదాకా నిండింది. ఆయన తడి చేతులు లుంగీకి తుడుచుకుని లోపలికొచ్చి, రెండు అట్టముక్కలూ సౌభాగ్య ముందు పెట్టాడు.

"అరవై సంతకాలూ పడినాయి. పెంకులొద్దు, అరగదీసేదొద్దు. రంగు పల్చనయ్యేంత బ్లీచ్, ముందర నాలుగు పండ్లకు పూత. షేడ్ రెండు మెట్లు కిందికి. డాక్టరమ్మ పదకొండుకు రమ్మనింది. ఇంగ నీ ఒక్కదాని సంతకం."

సౌభాగ్య పెన్ను తీసుకుంది. అట్టముక్క చదివింది. మొగుడి మొహంలోకి చూసింది.

"నవ్వు" అంది.

"ఏంటికే?"

"శాంపిల్ చూడకుండా ఏ బయరన్నా సంతకం పెడ్తాడా? నవ్వు."

ఆయన నవ్వాడు. ముందు కాస్త సిగ్గుగా, తర్వాత నిజంగానే. సౌభాగ్య పెన్నుకు మూత పెట్టింది.

"ఇరవై ఎనిమిదేండ్లు కాపురం చేసినా. నీ నవ్వు నిన్ననే మొదటిసారి చూస్తి, అదీ అరవైమందితో కల్సి. నాకు నీ మీద యెంత కోపమొచ్చెనో తెల్సునా నీకు? ఇంగ కొన్నాల్లు నేనొక్కదాన్నే చూసుకుంటా. అప్పుడు పెడ్తా సంతకం" అంది. అట్టముక్కలు రెండూ తీసి పోపుల డబ్బాలో పెట్టి మూత బిగించింది.

పదకొండున్నరకు ఫోన్ మోగింది. క్లినిక్ నుంచి డాక్టర్ రోహిణి, ఇంకా రాలేదేమని అడిగింది.

"లాట్ దించేదానికి లేదు డాక్టరమ్మా" అన్నాడాయన, పొయ్యి దగ్గర నుంచి తన నోటి వైపే చూస్తున్న భార్యను చూస్తూ. "బయర్ ఇంగా శాంపిల్ చూస్తాండాది."